ప్రకటనను పట్టుకొన్న చిత్రకారుడు

విశాఖపట్టణ నౌకాశ్రయమునకు చేరువను డాల్ఫిన్స్ నోస్ అను కొండ సముద్రములోనికి చొచ్చుకొని యున్నది. ఆ కొండకు ఆవల యారాడ గ్రామము కలదు. కొండపైనున్న దీపస్తంభము రాత్రులందు వెలుగుచు, తీరమెచట నున్నదో నావికులకు తెలుపును. అది ఎవరినీ ఏమియు కొనుమని కోరదు. అచటినుండి నగరములోనికి వచ్చినచో వేరొక విధమైన వెలుగులు కనబడును. అవి వ్యాపార ప్రకటనల ఫలకములు.

వస్తువు గుణమును, వెలను తెలుపు ప్రకటన మంచిదే. కాని పెక్కు ప్రకటనలు అంతటితో ఆగవు. కాఫీ కప్పు ప్రక్కన నవ్వుచున్న సుందరిని నిలుపును. ఆ నవ్వు కప్పులో లేదు. అయినను కాఫీ కొన్నచో నవ్వు కూడ లభించునని చూపరులకు తోచును. వార్తాపత్రికలోని ప్రకటన నచ్చనిచో పుట త్రిప్పవచ్చును. వీథిలోని ఫలకమును త్రిప్పుట ఎవరికిని సాధ్యము కాదు.

ఈ సంగతిని వింతగా ఎత్తిచూపినవాడు 'జెవ్స్' అను మారుపేరు గల ఫ్రెంచి చిత్రకారుడు. 2002వ సంవత్సరమున జర్మనీ రాజధాని బెర్లినులో, అలెగ్జాండర్ ప్లాట్స్ అను కూడలియందు, ఒక కాఫీ కంపెనీవారి బ్రహ్మాండమైన ప్రకటన చిత్రముండెను. అతడు అందలి యువతి బొమ్మను కత్తితో కోసి తీసికొనిపోయెను. మిగిలిన భాగముపై, సొమ్ము చెల్లింపుడని వ్రాసెను. బొమ్మను విడుచుటకు 5 లక్షల యూరోలు కోరెను. దొంగలు మనుష్యులను బంధించి ధనము కోరినట్లు, అతడు బొమ్మను బంధించెను! ప్రకటనలు మనలను అడుగకయే మన చూపును పట్టుకొనుచున్నవి. అతడు ప్రకటననే పట్టుకొనెను. ఇదియే ఆ చేష్టలోని భావము.

అతడు ప్రసిద్ధ కంపెనీల గుర్తులను కూడ గోడలపై చిత్రించి, రంగు ధారలుగా కారునట్లు చేసెను. చూచువారికి ఆ గుర్తు కరగిపోవుచున్నట్లు తోచును. 2009లో హాంగ్‌కాంగునందు ఒక దుస్తుల దుకాణము గోడపై ఇట్టి చిత్రమును వ్రాయగా పోలీసులు అతనిని నిర్బంధించిరి. అనుమతి లేక పరుల గోడను పాడుచేయుట నేరము. ఆ నష్టమును భరించువాడు మరొకడు. కావున అతని పద్ధతి అనుసరింపదగినది కాదు. కాని అతడు లేవనెత్తిన ప్రశ్న విడువదగినది కాదు.

ఆ ప్రశ్నకు బ్రెజిలు దేశములోని సావో పాలో నగరము శాసనము ద్వారా సమాధానము చెప్పినది. 2006లో చేసిన చట్టము 2007లో అమలునకు రాగా, వీథులలోని ప్రకటన ఫలకములు తొలగింపబడినవి.

చట్టములు చేయు అధికారము బాలబాలికలకు లేదు. అయినను ఫలకము ముందు నిలిచినపుడు ప్రతివారును తమను తాము ఇట్లు ప్రశ్నించుకొనవచ్చును: "ఈ వస్తువు నాకు నిన్న కావలసియుండెనా, లేక ఈ బొమ్మను చూచిన తరువాతనే కావలసి వచ్చెనా?" ఇందుకు కత్తి గాని రంగు గాని అక్కరలేదు.