నిప్పురవ్వ: మాట, మంట

తెలుగులో ‘రవ్వ’ అనే మాటకు చిన్న తునక, సూక్ష్మమైన కణం అని అర్థం. ఉప్మాకు వాడే గోధుమ రవ్వకూ, ముక్కుపుడకలో పొదిగిన వజ్రపు రవ్వకూ, కొలిమిలోంచి ఎగిరిపడే నిప్పురవ్వకూ ఒకే పేరు చెల్లడానికి కారణం ఆ మూడింటిలోనూ కనిపించే సూక్ష్మతే. కొంచెమనే అర్థంలో వాడే ‘రవ్వంత’, ‘రవంత’ కూడా ఈ కుదురులోనివే. వేడిని బట్టిగానీ వెలుగును బట్టిగానీ కాకుండా పరిమాణాన్ని బట్టి పెట్టిన ఈ పేరు, నిప్పురవ్వ గురించి విజ్ఞానశాస్త్రం చాలాకాలం తర్వాత కనిపెట్టి చెప్పిన సంగతికి ఆశ్చర్యకరంగా దగ్గరగా ఉంది.

నిప్పురవ్వకు తెలుగులో ‘మిణుగురు’ అనే మరో చక్కని మాట ఉంది. దీనికే ‘మిడుగురు’ అనే రూపమూ ఉంది. నేటి పాఠకులకు మిణుగురు అనగానే వానాకాలపు రాత్రుల్లో చెట్ల మీద తళుక్కుమనే పురుగే గుర్తుకు వస్తుంది గాని, నిప్పురవ్వలా మెరుస్తుంది కనుకనే ఆ పురుగు మిణుగురు పురుగు అయింది. సంస్కృతం నుంచి వచ్చిన స్ఫులింగం, విస్ఫులింగం అనే మాటలు గ్రాంథిక రచనల్లో కనిపిస్తాయి. ముండకోపనిషత్తు చెప్పిన అగ్ని ఏడు నాలుకల్లో ఒకదాని పేరు స్ఫులింగిని. బాగా మండుతున్న అగ్ని నుంచి వేలకొద్దీ రవ్వలు వెలువడినట్లు అక్షర తత్త్వం నుంచి సకల జీవులూ వెలువడి తిరిగి అందులోనే చేరుతాయని ఆ ఉపనిషత్తు చెబుతుంది. ఇలాంటి పోలికే బృహదారణ్యకంలోనూ ఉంది. రవ్వ అగ్నికి పరాయి పదార్థం కాదని, అగ్ని స్వభావమంతా అందులోనూ ఉంటుందని గమనించినవారు మాత్రమే చేయగలిగిన పోలిక ఇది.

ఇంగ్లాండులో జాన్ వాకర్ 1827లో రాపిడితో మండే అగ్గిపుల్లలను అమ్మడం మొదలుపెట్టేదాకా, ఆ తర్వాత అవి మారుమూల పల్లెలకు చేరేదాకా, నిప్పు పుట్టించడానికి సామాన్యుల చేతిలో ఉన్న నమ్మకమైన సాధనం చెకుముకి. గట్టి చెకుముకి రాయి, ఒక ఉక్కు ముక్క, రవ్వ పడగానే రాజుకునే దూదో మసిగుడ్డో ఉంటే చాలు, పొయ్యి వెలిగేది, చుట్ట అంటుకునేది. ఈ మాట టర్కీ భాషా మూలం గల ‘చక్మక్’ నుంచి, ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చి, ఇక్కడి నుడికి తగ్గట్టు మారి పూర్తిగా తెలుగుదైపోయింది. జన విజ్ఞాన వేదిక పిల్లల కోసం నడుపుతున్న విజ్ఞాన పత్రికకు ‘చెకుముకి’ అని పేరు పెట్టడం ఎంతో సముచితం.

చెకుముకి కొట్టినప్పుడు మండేది రాయి కాదు. రాయి అంచు ఉక్కును గీరుతుంది. ఆ గీరుడుకు లేచిన సన్నని లోహపు పొట్టు ఒరిపిడికి వేడెక్కి, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మండుతుంది. పెద్ద ఇనుప ముక్క ఇలా మండదు గాని, నలుసంత ఇనుములో ద్రవ్యం తక్కువ, గాలి తగిలే ఉపరితలం ఎక్కువ కనుక అది క్షణంలో వెయ్యి డిగ్రీల సెల్సియస్‌ను దాటి వెలుగుతుంది. రాబర్ట్ హుక్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త 1665లో ప్రచురించిన ‘మైక్రోగ్రాఫియా’ గ్రంథంలో ఈ రవ్వలపై చేసిన పరిశీలనను వివరించాడు. తెల్ల కాగితం మీద చెకుముకి కొట్టి, రవ్వలు రాలిన చోట మిగిలిన నల్లని చుక్కలను సూక్ష్మదర్శినిలో చూస్తే, వాటిలో కొన్ని కరిగి గడ్డకట్టిన గుండ్రని గోళాలుగా కనిపించాయి. అంటే కంటికి మెరుపుగా తోచినది నిజానికి ఒక పదార్థపు కణం, అచ్చంగా రవ్వే.

ఈ జ్ఞానం పుస్తకాలకే పరిమితం కాలేదు. లేత్ పనివారు, పాత ఇనుము వ్యాపారులు ఏ లోహమో తెలియని ముక్కను గ్రైండింగ్ చక్రానికి ఆనించి, ఎగసే రవ్వలను బట్టి దాని రకాన్ని పోల్చుకుంటారు. కర్బనం తక్కువగా ఉన్న మెత్తని ఉక్కు నుంచి పొడవైన గీతల్లాంటి రవ్వలు వస్తాయి, అవి అంతగా చిట్లవు. కర్బనం ఎక్కువగా ఉన్న గట్టి ఉక్కు రవ్వలు దగ్గరలోనే చిట్లి, కొమ్మలు కొమ్మలుగా పూస్తాయి. పోత ఇనుము నుంచి ఎర్రగా, పొట్టిగా రాలతాయి. కాలుతున్న కణంలోని కర్బనం వాయువుగా మారి బయటికి తన్నుకు రావడమే ఈ చిట్లడానికి కారణం. దీపావళి నాటి కాకరపువ్వొత్తి అందం కూడా ఇదే సూత్రం మీద ఆధారపడింది: తీగకు పూసిన మందులో కలిపిన ఇనుప రజను మండుతూ ఎగిరి చిట్లినప్పుడే ఆ బంగారు పువ్వులు విచ్చుకుంటాయి. అంత వేడి రవ్వ చేతి మీద పడినా చురుక్కుమనడమే తప్ప పెద్దగా కాల్చకపోవడానికి కారణం, దాని ఉష్ణోగ్రత హెచ్చే అయినా అందులో దాగిన మొత్తం వేడి అత్యల్పం కావడం.

విద్యుత్తు వల్ల పుట్టే స్పార్క్ సంగతి వేరు. అందులో మండే రేణువు ఉండనక్కరలేదు. రెండు లోహపు కొనల మధ్య విద్యుత్ పీడనం హద్దు మీరినప్పుడు మధ్యనున్న గాలి తన నిరోధక గుణాన్ని కోల్పోయి, అణువులు చీలి, విద్యుత్తుకు దారి ఇస్తుంది. ఆ దారిలోని గాలి వేల డిగ్రీల వేడితో వెలుగుతూ చిటపటమంటుంది. మామూలు గాలిలో సెంటీమీటరు ఎడం దాటడానికి సుమారు 30,000 వోల్టులు కావాలి. మెరుపు ఇదే ప్రక్రియకు మహారూపం. వంటింటి గ్యాస్ లైటర్‌లో బ్యాటరీ లేకపోయినా స్పార్క్ రావడానికి కారణం, మీట నొక్కగానే లోపలి స్ప్రింగ్ సుత్తి ఒక ప్రత్యేకమైన స్ఫటికం లాంటి పింగాణీ ముక్కను బలంగా కొట్టడం, ఆ దెబ్బకు అందులో వేల వోల్టులు పుట్టడం. ఒత్తిడితో విద్యుత్తు పుట్టించే ఈ గుణాన్ని 1880లో ఫ్రాన్సులో జాక్ క్యూరీ, పియరీ క్యూరీ సోదరులు కనుగొన్నారు. పెట్రోలు బండిలోని స్పార్క్ ప్లగ్ కూడా మిల్లీమీటరుకు అటూ ఇటుగా ఉండే సందులో ఇలాంటి స్పార్క్‌నే నిమిషానికి వందల, వేల సార్లు పుట్టిస్తుంది.

ప్రాణాల మీదికి వచ్చేదీ ఇక్కడే కనుక ఈ విషయాన్ని కొంత వివరంగా తెలుసుకోవాలి. వంటగ్యాసు గాలితో తగిన పాళ్లలో కలిసినప్పుడు దాన్ని అంటించడానికి మిల్లీజౌలులో సుమారు నాలుగో వంతు శక్తి చాలు. ఒక గ్రాము బరువును రెండున్నర సెంటీమీటర్లు పైకెత్తడానికి పట్టే శక్తి అంతే. స్విచ్ వేసేటప్పుడేగాక ఆపేటప్పుడు కూడా లోపలి లోహపు రేకులు విడిపోయే క్షణంలో స్పార్క్ పుడుతుంది. గ్యాసు వాసన వచ్చినప్పుడు ఫ్యాను వేయకూడదన్న సంగతి చాలామందికి తెలిసినా, తిరుగుతున్న ఫ్యానునూ వెలుగుతున్న లైటునూ ఆపకూడదన్న సంగతి తెలిసినవారు తక్కువ. చేయవలసినది రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు, కిటికీలు తెరిచి, బయటికి వెళ్లి ఫిర్యాదు చేయడమే.

ఇంత ప్రమాదకరమైన స్పార్కే ప్రపంచానికి రేడియోను ఇచ్చింది. జర్మన్ శాస్త్రవేత్త హైన్‌రిచ్ హెర్ట్జ్ 1880ల చివరి సంవత్సరాల్లో ఒకచోట స్పార్క్ పుట్టించి, దూరాన ఉంచిన తీగ చుట్ట కొనల సందులో చిన్న స్పార్క్ మెరవడాన్ని చూపి, విద్యుదయస్కాంత తరంగాల ఉనికిని నిరూపించాడు. మార్కోనీ తొలి ప్రసార యంత్రాలు స్పార్క్‌తోనే పనిచేశాయి. ఓడల్లోని వైర్‌లెస్ ఉద్యోగులకు ఆంగ్లంలో ‘స్పార్క్స్’ అని ముద్దుపేరు వచ్చింది. జర్మన్ భాషలో రేడియోకు నేటికీ నిలిచిన ‘ఫుంక్’ అనే పేరు నిప్పురవ్వ అనే అర్థమిచ్చే మాట నుంచే పుట్టింది.

రాజకీయాల్లో ఈ మాటకు మరో జీవితం ఉంది. లెనిన్, ఆయన సహచరులు 1900లో స్థాపించిన పత్రిక పేరు ‘ఇస్క్రా’, అంటే నిప్పురవ్వ. చిన్న నిప్పురవ్వ పచ్చికబయలునంతా దహించగలదన్న చైనా సామెతను మావో 1930లో రాసిన లేఖ ప్రపంచమంతటా ప్రచారం చేసింది. తెలుగు నుడికారం కూడా ఈ దారిలోనే నడుస్తుంది: గొడవ రాజుకుంటుంది, పగ రగులుతుంది, ఊరు అట్టుడుకుతుంది. అయితే ప్రతిభను మెచ్చుకోవలసి వచ్చినప్పుడు మాత్రం నేటి తెలుగువారు ‘ఆ కుర్రాడిలో స్పార్క్ ఉంది’ అని ఆంగ్లపు మాటనే అందుకుంటున్నారు. ఎండ చురుక్కుమనడంలోనూ, నిప్పు తగిలి చురక పడడంలోనూ, పిల్లవాడు చురుకైనవాడనడంలోనూ వినిపించే ‘చురుకు’లో వేడిమీ ఉంది, మెచ్చుకోలూ ఉంది, సినిమా, క్రికెట్ కబుర్లలో దానికి మళ్లీ చోటు ఇవ్వడం కష్టమైన పనేమీ కాదు.