ఊరివారిని అడుగని లెక్క

నేడు నేను మాటలాడబూనినది మద్యపానమును గూర్చియే గాని, మద్యనిషేధమును గూర్చి కాదు. త్రాగుడు మంచిదా, చెడ్డదా యను చర్చను శ్రోతలు పలుమారులు వినియే యుందురు. ఆ త్రాగుడును లెక్కించుటకై ఊళ్లకు పోవు పరిశోధకులను గూర్చియు, ఆ లెక్క ఎవరి సొత్తను ప్రశ్నను గూర్చియు కొంత చెప్పెదను. నా ఉదాహరణము మన దేశమునది కాదు. ఉత్తరధ్రువ సమీపమున, అలాస్కాలో, మంచుసముద్రపు టొడ్డున బారో యను పట్టణమొకటి యుండెను. ఉన్నదనియే చెప్పవలెను, కాని 2016లో అచటివారు ఓటు వేసి, ఉట్కియాగ్విక్ అను తమ ప్రాచీననామమును మరల తెచ్చుకొనిరి.

అచటి మూలవాసులు ఇనూపియాట్ జనులు. తిమింగిలముల వేట వారికి ఆహారము మాత్రమే కాదు; పండుగలకును, పంపకములకును, బంధుత్వములకును అదియే మూలము. 1968లో ఆ ప్రాంతమున ప్రూడో బే యొద్ద గొప్ప చమురుగనులు బయటపడెను. 1972లో ఆ ప్రజలు తమ స్వంత స్థానిక ప్రభుత్వము నేర్పరచుకొనిరి. 1977లో చమురు కొనిపోవు గొట్టపుమార్గము పూర్తి యయ్యెను. ధనము వచ్చినది, కట్టడములు వచ్చినవి, ఉద్యోగములు వచ్చినవి. వానివెంట మద్యమును మెండుగా వచ్చినది. కొట్లాటలను, అకాలమరణములను చూచి ఊరివారు కలత చెందిరి. కావున 1979లో స్థానికాధికారులే పరిశోధన జరుపగోరిరి. ఒక సలహాసంస్థ మూలమున ఆ పని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు పరిశోధకుల చేతికి పోయినది. వారు దురుద్దేశముతో వచ్చినవారు కారు. ఈ మాట మొదటనే చెప్పుట న్యాయము.

వారు 88 మంది వయోజనులను ప్రశ్నించిరి. 1971లో ప్రకటింపబడిన మిచిగన్ ప్రశ్నపట్టికను వాడిరి. ఈ పట్టికలో ఒక్కొక్క సమాధానమునకు కొన్ని మార్కులుండును. 5 మార్కులు వచ్చినచో మనిషి త్రాగుబోతు లెక్కలో చేరును. ఈ విధముగా లెక్కింపగా నూటికి 72 మంది ఆ పద్దులో పడిరి.

ఇప్పుడు ఆ ప్రశ్నలను కొంచెము పరికింపుడు. త్రాగుడు విషయమై ఎవరినైన సహాయమర్థించితివా యను ఒక్క ప్రశ్నకే 5 మార్కులు! అదియు, నేడు కాదు, జన్మలో ఎప్పుడైనను. ఇరువది యేండ్ల క్రిందట త్రాగుడు మాని, నాటినుండి చుక్క ముట్టని వృద్ధుడును ఈ తక్కెడలో త్రాగుబోతే. నీ త్రాగుడును గూర్చి నీ ఇంటివారెన్నడైన విచారపడిరా, నీకే తప్పుచేసితినని తోచినదా యనునవి మరికొన్ని ప్రశ్నలు. 1890 నుండి ప్రెస్బిటీరియన్ మిషనరీలు మద్యము పాపమని బోధించిన ఊరది. అట్టి యూర ఒక గ్లాసు త్రాగినవాని తల్లియు విచారపడును, వాడును సిగ్గుపడును. ప్రశ్న మారలేదు గాని, ఊరు మారగానే దాని యర్థము మారినది.

ఈ సందర్భమున నా తప్పొకటి చెప్పుకొనక తీరదు. చిన్నవయస్సున నేనును ఇట్టి కాగితముల కట్టతో మన మన్యములోని యొక గూడెమునకు పోయితిని. ఇప్పసారా ఎంత త్రాగుదురు, వారమున కెన్నిమార్లు, ఇవి నా ప్రశ్నలు. ఒక ముసలమ్మ నన్నెగాదిగ చూచి, “దేవతకు పోసినది ఎక్కడ రాసుకుంటావు నాయనా? పెళ్లిమాటకు తెచ్చినది ఎక్కడ రాస్తావు? చచ్చిపోయినవాళ్లకు పెట్టినదో?” అని యడిగినది. నా కాగితమున అందులకు గడులు లేవు. అన్నియు ఒకే గడిలో పడవేసితిని. నేను లేచి వచ్చుచుండగా, “ఈ రాసినది మళ్లీ మాకు చదివి వినిపించేదెప్పుడు?” అనినది. త్వరలోనే యంటిని. మరల ఆ గూడెమునకు నేను పోలేదు.

బారో పరిశోధకుల తప్పు నాకంటె పెద్ద వేదికపై జరిగినది. 1980 జనవరిలో ఆ ఫలితములు, ఊరికి మూడువేల మైళ్లకు పైబడిన దూరమున, ఫిలడెల్ఫియాలో పత్రికలవారికి వెల్లడి చేయబడెను. న్యూయార్క్ టైమ్స్ మొదలగు పత్రికలు ఆ వార్తను ప్రచురించెను. ఒక జాతి యంతయు త్రాగి నశించుచున్నదను భావము దేశమంతట వ్యాపించినది. లెక్కింపబడినవారికి ఆ వార్తకు సమాధానము చెప్పు సావకాశమైనను కలుగలేదు. పిమ్మట అప్పుల విపణిలో ఆ స్థానిక ప్రభుత్వపు పరపతి తగ్గి, కొన్ని ప్రజోపయోగ కార్యములకు ధనము దొరకలేదని ఆ పరిశోధకులలో నొకరైన ఎడ్వర్డ్ ఫౌక్స్ 1989లో స్వయముగా వ్రాసిరి. తన పొరపాటును తానే పరిశీలించి ప్రకటించుట పండితులలో అరుదు, అందులకాయనను మెచ్చుకొనవలెను. ఊరి నాయకుల ఉద్దేశము వేరు, పరిశోధకుల ఉద్దేశము వేరు, నడుమనున్న సంస్థ ఉద్దేశము వేరు, ఈ భేదములను ముందుగా నెవ్వరును బయట పెట్టుకొనలేదు.

మూలవాసులందరును త్రాగుబోతులను నమ్మకమెంత దృఢమో, అంత నిరాధారము. 2016లో ప్రకటింపబడిన యొక పరిశీలనమున, అమెరికా సంయుక్తరాష్ట్రముల మూలవాసులలో నూటికి సుమారు 60 మంది మద్యము ముట్టనివారుగా కనబడిరి. తెల్లవారిలో అట్టివారు 43 మంది.

బారో గాయము మానక మునుపే అలాస్కాలో మరియొక విధమైన పని మొదలైనది. 1990వ దశకపు మధ్యకాలమున మద్యవిసర్జనోద్యమమునకు చెందిన మూలవాసి నాయకులు అలాస్కా విశ్వవిద్యాలయములోని జెరాల్డ్ మోహాట్ అను మనశ్శాస్త్రజ్ఞునితో సంభాషించిరి. మా వాళ్లెందుకు త్రాగుచున్నారని అందరును అడిగిరి. త్రాగనివారును, త్రాగి మానినవారును ఎట్లు నిలదొక్కుకొనిరో ఎవరును అడుగలేదే యని వారి వాదము. చూడుడు, ప్రశ్నను ఊరివారే తిరుగవేసిరి! దానినుండి పుట్టిన పరిశోధనమునకు “మేలుకొనుచున్న జనులు” అని పేరు. మూలవాసులు అధికముగా గల యొక మండలి దానిని నడపినది. ప్రశ్నపట్టికకు బదులు జీవితకథలను విని వ్రాసికొనిరి. బంధువుల యండ, పెద్దల మాట, బాల్యమున చూచిన ఆదర్శము, తన ఊరికి తాను బాధ్యుడనను భావము, ఇట్టివి ఆ కథలలో మరల మరల కనబడినవి. పిదప యూపిక్ జనుల గ్రామములలో యువకుల రక్షణకై ఒక కార్యక్రమము దీనినుండియే వెలసినది. దాని పేరునకు వారి భాషలో పనిముట్ల పెట్టె యని యర్థము. వేటయు, మంచుపై ప్రయాణమును, పెద్దల సమక్షమున కూర్చుండుటయు అందులోని పాఠములు.

ఇట్టి పనికి కాలము చాల పట్టును. ఒప్పందము వ్రాసికొనుటకే నెలలు గడచును. డబ్బిచ్చు సంస్థలు తొందరపెట్టును. వేటకాలమున ఊరిలో మనిషి దొరకడు. మరియొక చిక్కు నిజముగా కఠినమైనది: అప్రియమైన సత్యము బయటపడినప్పుడు, దానిని ప్రకటింపరాదని ఊరు శాసించినచో నేమి చేయవలెను? నాకు తోచినది చెప్పెదను. అందులకు ముందుగనే యొక త్రోవ నిర్ణయించుకొనవలెను. ఫలితము మొదట ఊరి సభకు చేరవలెను. వారి అభిప్రాయము అచ్చులో ప్రక్కనే యుండవలెను. దాచుట మాత్రము ఊరికే మేలు చేయదు. బారోవారే సత్యమునకు భయపడినవారు కారు. 1994లో వారు తమ ఓటుతో మద్యమును నిషేధించిరి, మరుసటి యేట ఎత్తివేసిరి, 1996లో మరల నిషేధించిరి. ఆ మార్పులతో పాటు మద్యసంబంధమైన వైద్యశాల రాకపోకలు తగ్గుటయు హెచ్చుటయు వైద్యులు లెక్కించి 1997లో ప్రకటించిరి. అది ఊరు తానుగా చేసికొన్న నిర్ణయపు లెక్క.

అధికారము సంగతియు మారుచున్నది. నవహో జాతివారు 1996 నుండి తమ భూమిపై జరుగు పరిశోధనలను తామే విచారించి యనుమతించు మండలిని నడపుచున్నారు. కెనడాలోని ఆదిమజాతులు 1998లో తమ సమాచారముపై స్వామ్యము, అదుపు, ప్రవేశము, స్వాధీనము తమవేయని సూత్రీకరించిరి.

మన షెడ్యూలు ప్రాంతములలోను 1996 నాటి శాసనము మత్తుపదార్థములను నిషేధించుటకో, అమ్మకమును అదుపు చేయుటకో గ్రామసభకు స్థానము కల్పించినది. అమ్మకమును గూర్చి నిర్ణయింపదగిన సభ, ఆ త్రాగుడును గూర్చి వ్రాయు కాగితములను చూడదగదా? నా పాత కట్ట యింకను నాయొద్దనే యున్నది. ముసలమ్మ ఇప్పుడుండదు. ఆమె మనుమలు చదువుకొనినవారై యుందురు. ఈ యేడు ఇప్పపూలు రాలు కాలమునకు దానిని తీసికొని పోయి, వారిచేతనే చదివింపవలెనని యున్నాను.