ఆపరేషన్‌కి ముందు నీళ్లు తాగొచ్చా డాక్టర్?

"మామా, నీళ్లు."

మా అక్క కొడుక్కి నాలుగేళ్లు. ఆ రోజు ఆస్పత్రి వరండాలో వాడు ఈ మాట ఎన్నిసార్లు అన్నాడో లెక్కపెట్టలేదు. గజ్జల్లో హెర్నియా, చిన్న ఆపరేషన్, సాయంత్రానికి ఇంటికెళ్లొచ్చన్నారు. ముందురోజు ఫోన్ చేసి "రాత్రి పదింటి తర్వాత ఏమీ పెట్టొద్దు" అన్నారు. లిస్టులో వాడిది మూడో నంబర్. మొదటి కేసు లేటయింది. వాణ్ని లోపలికి తీసుకెళ్లేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. అంటే 15 గంటలు చుక్క నీళ్లు లేవు. ఆస్పత్రి పేరెందుకులెండి.

పదకొండింటికి మా అమ్మ బ్యాగులోంచి ఫ్లాస్క్ తీసింది. "పోరడు ఎండిపోతుండు, రెండు గుక్కల పాలు తాపితే ఏమైతది?" వద్దని ఆపేశా. ఎందుకు వద్దో మాత్రం నాకూ సరిగ్గా తెలీదు.

బోరబండ ఇంటికొచ్చాక ఆ రాత్రి కూర్చుని చదివా. ప్రొడక్షన్‌లో ఏదైనా పగిలితే కారణం వెతికే అలవాటు నాది, అదే ఇక్కడా పనికొచ్చింది.

మత్తిచ్చాక కడుపులో ఉన్నది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంటుంది. అది ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ఎన్నో ఏళ్లుగా మత్తు డాక్టర్లు వాడే లెక్క 6-4-2. అన్నం, బిస్కెట్లు, ఆవుపాలు, డబ్బాపాలు 6 గంటల ముందు ఆపాలి. తల్లిపాలు 4 గంటల ముందు. మంచినీళ్లు, గుజ్జు లేని ఆపిల్ జ్యూస్ లాంటివి 2 గంటల ముందు. పాలు కడుపులో పెరుగులా గడ్డకట్టి నిలిచిపోతాయి, నీళ్లు చకచకా దిగిపోతాయి. 2022లో వచ్చిన యూరప్ మార్గదర్శకాలైతే పిల్లలకి నీళ్లు గంట ముందు వరకూ ఇవ్వొచ్చన్నాయి.

అంటే ఫ్లాస్క్ ఆపడం కరెక్టే. నీళ్లు ఆపడమే తప్పు! ఎక్కువసేపు ఎండబెడితే ఒంట్లో నీరు తగ్గుతుంది, సెలైన్‌కి నరం దొరకదు, పిల్లాడు ఏడ్చి ఏడ్చి లోపలికెళ్తాడు. మావాడికి మూడుసార్లు గుచ్చారు.

ఇలాంటి అలవాట్లని మొదట ప్రశ్నించినవాళ్లలో డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ ఒకరు. 1990ల్లో ఆయన పేగు ఆపరేషన్ల మీద పనిచేశాడు. ఉపవాసం తగ్గించడం, నొప్పి తగ్గించడం, త్వరగా తినిపించి నడిపించడం, అన్నీ కలిపి చేస్తే పేషెంట్ తొందరగా కోలుకుంటున్నాడని చూపించాడు. పెద్దలకి మొదలైన ఆ పద్ధతి ఇప్పుడు పిల్లల సర్జరీల్లోకీ వచ్చింది. ఆ మాటకొస్తే మన హైదరాబాద్‌కీ మత్తుమందు కొత్త కాదు. 1888, 1889లో క్లోరోఫామ్ భద్రత మీద ప్రయోగాలు జరిగిన ఊరిది, డబ్బు ఇచ్చింది నిజాం.

ఆపరేషన్ అయ్యాక మావాడు కళ్లు తెరిచి పిచ్చిగా ఏడ్చాడు, అక్కని కూడా గుర్తుపట్టలేదు. అక్క హడలిపోయింది. మత్తు దిగేటప్పుడు చిన్నపిల్లల్లో ఇది మామూలేనట, చాలామందికి అరగంటలో సర్దుకుంటుంది. ఈ సంగతి ముందే ఎవరైనా చెప్పుంటే బాగుండేది. నడుము కింద ఇచ్చే కాడల్ ఇంజెక్షన్ వల్ల కొన్ని గంటలు నొప్పి తెలీదు, కాళ్లు బరువుగా ఉంటాయి. అందుకే వెంటనే నిలబెట్టొద్దన్నారు.

అసలు గండం ఇంట్లో వచ్చింది. చీటీలో పారాసిటమాల్ సిరప్ 9 ఎం.ఎల్. అని రాశారు. వాడి బరువు 15 కిలోలు, కిలోకి 15 మిల్లీగ్రాములు, లెక్క సరిపోయింది, కానీ అది 5 ఎం.ఎల్.లో 120 మిల్లీగ్రాములుండే సీసాకి. మెడికల్ షాపులో ఇచ్చిన సీసా మీద 250 అని ఉంది! అదే 9 పోస్తే డోసు డబుల్. నాలుగు పూటలూ అలాగే పోస్తే లివర్‌కి ముప్పు. అక్క సీసా తిప్పి చూసింది కాబట్టి సరిపోయింది, డాక్టర్‌కి ఫోన్ చేసి మార్పించుకున్నాం. మా ఆఫీసులో యూనిట్లు కలవకపోతే టెస్టులే పట్టేస్తాయి. ఇక్కడ పట్టేది అమ్మ కళ్లే.

మూడోరోజుకి మావాడు సోఫా మీంచి దూకడం మొదలుపెట్టాడు.

పోయిన నెల మా టీమ్‌లో ఒకాయన కూతురికి టాన్సిల్స్ ఆపరేషన్. ముందురోజే మత్తు డాక్టర్‌ని నీళ్లెప్పటి వరకు ఇవ్వొచ్చో అడగమన్నా. జలుబు, దగ్గు ఉంటే దాచొద్దనీ చెప్పా, అవి ఉంటే మత్తులో శ్వాస ఇబ్బందులు పెరుగుతాయి. తొమ్మిదింటికి కేసు, ఏడింటి వరకు నీళ్లు ఇవ్వొచ్చన్నారట. ఆరున్నరకి ఆయన ఫొటో పంపాడు: గులాబీ రంగు గ్లాసు, ఖాళీగా.