సూర్యుడిలో ఇనుమెంత, హైడ్రోజనెంత?

ఇంటర్ చదువుతున్న ఒక పాఠకురాలు ఇలా అడిగింది: “సూర్యుడి వర్ణపటంలో ఇనుము గీతలు వేలకొద్దీ ఉంటాయట. కంటికి కనిపించే హైడ్రోజన్ గీతలు నాలుగే. మరి సూర్యుడంతా హైడ్రోజనే అని పుస్తకాల్లో ఎలా రాస్తారు?” ఈ నెల కృష్ణబిలాల గురించి రాద్దామనుకున్నాను. ఈ ప్రశ్న చూశాక అవి వెనక్కి వెళ్లాయి. వందేళ్ల కిందట మహామహులు బోల్తా పడింది సరిగ్గా ఇక్కడే. పడనిది పాతికేళ్ల విద్యార్థిని ఒకరు, పేరు సిసీలియా పేన్.

1900 మే 10న ఇంగ్లండ్‌లోని వెండోవర్‌లో పుట్టింది. చదువు కేంబ్రిడ్జిలోని న్యూన్‌హామ్ కాలేజీలో. 1919 సూర్యగ్రహణం మీద ఖగోళశాస్త్రవేత్త ఎడింగ్టన్ ఇచ్చిన ఉపన్యాసం విని, గదికి వెళ్లి దాదాపు పొల్లుపోకుండా రాసుకుంది. ఆ తర్వాత ఆమె ధ్యాసంతా నక్షత్రాల మీదే. కేంబ్రిడ్జి అప్పట్లో ఆడవాళ్లకు పాఠాలు చెప్పేది, పరీక్షలు పెట్టేది, పట్టా మాత్రం ఇచ్చేది కాదు. ఆ బుద్ధి 1948లో గాని పుట్టలేదు. అక్కడే ఉంటే టీచరు ఉద్యోగమే గతి అని అర్థమై 1923లో అమెరికాలోని హార్వర్డ్ అబ్జర్వేటరీకి ఓడెక్కింది.

ఇక అసలు సంగతి. పరమాణువులోని ఎలక్ట్రాన్ ఒక శక్తిస్థాయి నుంచి పై స్థాయికి వెళ్లడానికి సరిపడా రంగు కాంతిని మింగుతుంది. మింగిన చోట వర్ణపటంలో నల్లగీత పడుతుంది. ఏ మూలకం గీతలు దానివే. ఈ చివరి మాట శాస్త్రవేత్తలు కిర్కాఫ్, బున్సెన్ల కాలానికే తెలుసు. దీన్నుంచి అందరూ తేలిగ్గా ఒక నిర్ణయానికి వచ్చేశారు: గీత ముదురుగా ఉంటే ఆ మూలకం ఎక్కువుందన్నమాట! భూమి పైపొరను సూర్యుడంత వేడెక్కిస్తే దాని వర్ణపటం ఇంచుమించు సూర్యుడిదిలాగే ఉంటుందని అమెరికా భౌతికశాస్త్రవేత్త రోలండ్ అన్నాడు. అంటే సూర్యుడు భూమిలాంటి సరుకే, కాస్త వేడి ఎక్కువ, అంతే. ఎవరూ పెద్దగా కాదనలేదు.

ఈ నమ్మకాన్ని కూల్చే ఆయుధం 1920లో మన భౌతికశాస్త్రవేత్త మేఘనాద్ సాహా చేతి నుంచి వచ్చింది. వేడికి పరమాణువులు ఎలక్ట్రాన్లను వదులుకుంటాయి, దాన్నే అయనీకరణం అంటాం. ఎంత వేడికి ఎన్ని వదులుకుంటాయో సాహా ఒక సమీకరణంలో పెట్టాడు. అందులో నాకు ముచ్చటేసేది పీడనం పాత్ర. నక్షత్రం పైపొరలు చాలా పలచన. అక్కడ ఊడిన ఎలక్ట్రాన్ పరిస్థితి అర్ధరాత్రి ఊరి బయట బస్సు దిగినవాడిది. ఎంతసేపు చూసినా ఆటో దొరకదు. తిరిగి చేరడానికి అయాన్ దగ్గర్లో ఉండదు కాబట్టి, ఊడినది ఊడినట్టే ఉంటుంది. అందుకే మనం ఊహించినదానికన్నా తక్కువ వేడికే అయనీకరణం జోరుగా సాగుతుంది.

ఇప్పుడు హైడ్రోజన్‌కు లెక్క వేద్దాం. కంటికి కనిపించే దాని నాలుగు గీతలూ రెండో స్థాయిలో ఉన్న ఎలక్ట్రాన్లు మింగిన కాంతివి. మొదటి స్థాయి నుంచి అక్కడికి చేరాలంటే 10.2 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. సూర్యుడి ఉపరితలం వేడి సుమారు 5,800 కెల్విన్. అంత వేడిలోనూ కణానికి సగటున దక్కేది ఒక ఎలక్ట్రాన్ వోల్టు కన్నా తక్కువే. కాబట్టి దాదాపు ఇరవై కోట్ల పరమాణువుల్లో ఒక్కటే రెండో స్థాయిలో ఉంటుంది. మిగతావన్నీ సూర్యుడిలోనే ఉన్నా, మనకు కనిపించే వెలుగులో వాటి గీత పడదు. కాల్షియం తీరు వేరు. 6.1 ఎలక్ట్రాన్ వోల్టులకే ఒక ఎలక్ట్రాన్‌ను వదిలేస్తుంది. అలా వదిలిన అయాన్ అట్టడుగు స్థాయిలో ఉంటూనే ఊదారంగు కాంతిని మింగుతుంది. అంటే సూర్యుడి పైపొరలోని కాల్షియం దాదాపు అంతా పనిలోనే ఉంటుంది. ఒక్కో కాల్షియం పరమాణువుకు సుమారు ఐదు లక్షల హైడ్రోజన్ పరమాణువులున్నా, గీత గీయగల స్థితిలో ఉన్నవాటిని లెక్కిస్తే కాల్షియమే 400 రెట్లు ఎక్కువ! ఇనుముకు గీతలు అన్ని ఎందుకంటే, దాని ఎలక్ట్రాన్లకు తక్కువ శక్తితో అందే స్థాయిలు బోలెడు.

హీలియం కథ మనకు ఇంకా దగ్గరిది. 1868 ఆగస్టు 18 సంపూర్ణ గ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో, మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన పోగ్సన్ మచిలీపట్నంలో చూశారు. సూర్యుడి అంచున లేచిన జ్వాలల్లో ఒక పసుపు గీత కనిపించింది. అది సోడియంది కాదని ఆ అక్టోబరులో ఇంగ్లండ్ నుంచి పట్టుకున్నది ఖగోళశాస్త్రవేత్త లాకియర్. జాన్సెన్ గుంటూరులో హీలియం కనిపెట్టాడని మనవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు గాని, ఆయన గుంటూరులో సాధించింది గ్రహణం లేకుండా కూడా ఆ జ్వాలలను చూసే పద్ధతి. అదీ తక్కువేం కాదు. ఇంతకీ, సూర్యుడిలో రెండో స్థానం హీలియందే కదా, మామూలు పగటి వర్ణపటంలో ఆ గీత నల్లగా ఎందుకు పడదు? దాన్ని గీసే స్థాయికి చేరాలంటే సుమారు 21 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. హైడ్రోజన్ చిక్కే, ఇంకాస్త ముదిరింది.

పేన్ చేసిన పని ఈ లెక్కను హార్వర్డ్‌లోని నక్షత్ర వర్ణపటాల గాజు ఫొటో పలకల మీదికి దింపడం. పలక మీద ఒక్కో నక్షత్రం సన్నని పట్టీలా ఉంటుంది. నెగెటివ్ కాబట్టి నల్లగీతలు అందులో తెల్లగా కనిపిస్తాయి. చల్లని నక్షత్రాల నుంచి వేడి నక్షత్రాల దాకా వరుస పెట్టి ఏ గీత ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముదిరిందో, ఎక్కడ మాయమైందో కంటితో అంచనా కట్టి, సాహా సమీకరణంతో పోల్చింది. ఆ వరుస వేసిపెట్టింది అదే అబ్జర్వేటరీలోని ఆనీ జంప్ కానన్. అది మూలకాల తేడా కాదు, వేడి తేడా అని పేన్ పనితో రుజువైంది. 18 మూలకాలకు లెక్క తేలింది. సిలికాన్, ఇనుము వంటివి ఇంచుమించు భూమి పాళ్లలోనే ఉన్నాయి. హైడ్రోజన్ మాత్రం లోహాలకన్నా లక్షల రెట్లు!

థీసిస్ ప్రిన్‌స్టన్‌లోని ఖగోళశాస్త్రవేత్త హెన్రీ నోరిస్ రసెల్ దగ్గరికి వెళ్లింది. ఆమె పైఅధికారి షాప్లీకి గురువు ఆయన. 1925 జనవరిలో జవాబొచ్చింది: ఇది జరిగే పని కాదు. చేసేది లేక పేన్ తన థీసిస్‌లో హైడ్రోజన్, హీలియం పాళ్లు దాదాపు కచ్చితంగా నిజం కావని ఒక వాక్యం చేర్చింది. నాలుగేళ్లకు, 1929లో, రసెల్ మరో దారిలో అదే జవాబుకు చేరాడు. పేన్ పనిని ప్రస్తావించాడు, తాను కాదన్న సంగతి మాత్రం రాయలేదు. చాలాకాలం పేరు ఆయనకే దక్కింది.

మిగతా జీవితం క్లుప్తంగా. ఏళ్ల తరబడి ఆమె జీతం షాప్లీ సహాయకురాలి పద్దులో వచ్చింది. పాఠాలు చెప్పేది, 1945 దాకా అవి విశ్వవిద్యాలయం జాబితాలోకి ఎక్కలేదు. 1934లో రష్యన్ ఖగోళశాస్త్రవేత్త సెర్గీ గపోష్కిన్‌ను పెళ్లాడింది. ఇద్దరూ కలిసి చరతారల మీద లక్షల పరిశీలనలు చేశారు. 1956లో ప్రొఫెసరైంది, ఖగోళశాస్త్ర శాఖకు అధిపతీ అయింది. 1979లో కన్నుమూసింది.

దీనివల్ల ఉపయోగమేమిటని అడిగేవారు ఎప్పుడూ ఉంటారు. ఉక్కు కర్మాగారంలో నమూనా మీద నిప్పురవ్వ పుట్టించి, వెలుగును విడదీసి, ఏ లోహం ఎంతుందో చెబుతారు. అక్కడా గీత బలాన్ని నేరుగా నమ్మరు. చాలా? సూర్యుడు దేనితో తయారయ్యాడో తెలియడం తనంతట తాను ఉపయోగం కాదనుకునేవారికి ఇంతకన్నా ఏం చెప్పాలో నాకు తోచదు.

తన మాట మీద తాను నిలబడకపోవడం తన తప్పేనని పేన్ తర్వాత ఆత్మకథలో రాసుకుంది. నేను ఒప్పుకోను. డాక్టరేటు వస్తుందో రాదో తేలాల్సిన సమయంలో, తన అధికారికే గురువైన మనిషి కాదంటే, పాతికేళ్ల పరాయిదేశపు అమ్మాయి ఏం చేయగలదు? ఆమె ఆ అంకెలను పట్టికలోంచి కొట్టేయలేదు. వాక్యం మార్చింది, అంకెలు ఉంచింది. అవి ఇప్పటికీ ఆ పట్టికలోనే ఉన్నాయి.