ఒకే ఏనుగు, రెండు సార్లు: వేధింపు మనస్తత్వాన్ని బౌద్ధ శిల్పం చూసిన తీరు

మజ్ఝిమ నికాయంలోని పుణ్ణోవాద సుత్తంలో ఒక ప్రయాణానికి ముందు జరిగిన సంభాషణ ఉన్నది. పుణ్ణుడనే భిక్షువు సునాపరాంత దేశానికి పోదలచి బుద్ధుని వద్ద సెలవు తీసుకొనడానికి వచ్చాడు. అక్కడి జనులు కఠినులు, పరుషభాషులు. వారు తిట్టినచో ఏమనుకొందువని బుద్ధుడు అడిగాడు. చేతితో కొట్టలేదు గనుక మంచివారేనని అనుకొందునని పుణ్ణుడు బదులు చెప్పాడు. చేతితో కొట్టినచో మట్టిగడ్డలు విసరలేదని, గడ్డలు విసిరినచో కర్ర ఎత్తలేదని, కర్ర ఎత్తినచో కత్తి దూయలేదని ఆ సమాధానం ఒక్కొక్క మెట్టు ఎక్కుతూ ప్రాణం పోవడం దాకా సాగుతుంది. తిట్టుతో మొదలైన హింస ఏ క్రమంలో పెరుగుతుందో ఇంత స్పష్టంగా వరుస కట్టిన ప్రాచీన గ్రంథభాగాలు అరుదు.

సునాపరాంతం ఎక్కడ? బర్మా రాజులు తమ దేశానికే ఆ పేరు పెట్టుకొన్నారు గాని, పండితులలో ఎక్కువమంది దానిని పశ్చిమ తీరపు అపరాంతంతో, శూర్పారక రేవుతో ముడిపెడతారు. శూర్పారకం నేటి సోపారా. సూరత్‌కు దక్షిణంగా రైలు దారిన దాదాపు 200 కిలోమీటర్లు. ఉత్తరంగా 60 కిలోమీటర్ల దూరంలో భరుకచ్ఛం, నేటి భరూచ్. ఈ రెండు రేవుల నడుమ తపతీ ముఖద్వారంలో సూరత్ ఉన్నది. జాతక కథలలోని నావికులు, అవదానాలలోని వర్తకులు తిరిగిన తీరమిదే.

సోపారాలోని స్తూపాన్ని 1882లో భగవాన్‌లాల్ ఇంద్రజీ తవ్వించారు. లోపలి రాతి పేటికలో ధాతు కరండాలు, భిక్షాపాత్ర శకలాలు, ఎనిమిది చిన్న కంచు బుద్ధ ప్రతిమలతో పాటు గౌతమీపుత్ర యజ్ఞశ్రీ శాతకర్ణి వెండి నాణెం ఒకటి దొరికింది. ఆ రాజు శాసనమే మన చినగంజాంలో ఉన్నది. తూర్పు తీరంలో శాసనం, పశ్చిమ తీరంలో నాణెం. సునాపరాంతం తెలుగు పాఠకునికి మరీ పరాయి దేశమేమీ కాదు.

పుణ్ణుని కథను ఓర్పుకు ఆదర్శంగా చెప్పడం పరిపాటి. అందులో ఒక ప్రమాదం ఉన్నది. పుణ్ణుడు వయసు వచ్చినవాడు, పరిణతి పొందిన భిక్షువు; తన ఇష్టంతో, పరీక్షకు నిలిచి, ఆ దేశాన్ని ఎంచుకొన్నాడు. ఆ తొలి వర్షావాసంలోనే ఐదు వందల ఉపాసకులను, ఐదు వందల ఉపాసికలను ధర్మంలో నిలిపాడని సుత్తం చెబుతుంది. తరగతి గదిలో రోజూ వెక్కిరింపులు పడే పదేళ్ళ పిల్లవానికి ఈ ఎంపిక లేదు. వానికి పుణ్ణుని ఉదాహరణ చూపి సహించమనడం గ్రంథాన్ని తప్పుగా చదవడమే.

ఈ భేదాన్ని ఆధునిక మనస్తత్వ శాస్త్రం చక్కగా పట్టుకొన్నది. నార్వేలోని బెర్గెన్‌లో పనిచేసిన డాన్ ఓల్వేయస్ 1970లలో పాఠశాల వేధింపును శాస్త్రీయంగా నిర్వచించాడు. హాని చేయాలనే ఉద్దేశం ఉండాలి, అది మళ్ళీ మళ్ళీ జరగాలి, ఇరువురి బలంలో తేడా ఉండాలి. సమానుల తగవు వేధింపు కాదు. బాధితుడు తనను తాను కాపాడుకోలేని స్థితిలో ఉండడమే దీని గుర్తు.

భార్హుత్ శిల్పి ఈ మూడవ లక్షణాన్ని చూశాడు. 1873లో కన్నింగ్‌హామ్ గుర్తించిన ఆ స్తూపపు రాతి వేదిక నేడు ఎక్కువ భాగం కోల్‌కతా మ్యూజియంలో ఉన్నది. అందులో లటుకిక జాతక ఫలకం ఒకటి. ఏనుగులు నడిచే బాటలో ఒక పూరేడు పిట్ట గూడు కట్టింది. మంద నాయకుడైన బోధిసత్త్వుడు పిల్లలకు అడ్డంగా నిలిచి, మంద దాటిపోయే దాకా కాపాడాడు. వెనుక ఒంటరి ఏనుగు వచ్చింది. పిట్ట రెక్కలు జోడించి వేడుకొన్నది. నీవంటివారిని లక్షమందిని ఎడమ కాలితో నలిపివేయగలనన్న ధోరణిలో మాట్లాడి, పిల్లలను తొక్కి, ఘీంకరిస్తూ వెళ్ళిపోయింది. దానికి ఆకలి లేదు, పగ లేదు, దారి ఇరుకూ కాదు. బలం ఉన్నదని చూపించుకోవడం తప్ప ఆ పనికి కారణమే కనబడదు. పిమ్మట కాకి, ఈగ, కప్ప తోడై ఆ ఏనుగును కొండచరియ నుండి పడవేస్తాయి.

పగ తీర్చుకోవడంతో ముగిసే ఈ కథ బౌద్ధ పాఠకుణ్ణి కొంత ఇబ్బంది పెడుతుంది, పెట్టవలసినదే. కథ చివర ఆ ఒంటరి ఏనుగే దేవదత్తుడని చెప్పబడింది. ఆ దేవదత్తుడే మరొక కథలో మరొక ఏనుగును వీధిలోకి వదలిస్తాడు. అమరావతి శిల్పి చేపట్టినది ఆ రెండవ కథను.

చెన్నై ప్రభుత్వ మ్యూజియంలోని అమరావతి పతకం, సుమారు క్రీ.శ. 2వ శతాబ్దానిది, నాలాగిరి దమనాన్ని చూపుతుంది. ఒక వైపు మదించిన ఏనుగు రాజగృహ వీధిలో విరుచుకుపడుతున్నది. ఒకడు దాని బారిన పడ్డాడు, జనం చెదరిపోతున్నారు, ఒక స్త్రీ భయంతో పక్కనున్న పురుషుని ఆనుకొన్నది. మరొక వైపు అదే ఏనుగు బుద్ధుని పాదాల వద్ద మోకరిల్లింది. పైన గవాక్షాలలో నుండి చూసే ముఖాలు. రెండు క్షణాలనూ ఒకే వృత్తంలో, నడుమ గీత లేకుండా చెక్కడం అమరావతి శైలికి కొత్త కాదు. ఇక్కడ ఆ పద్ధతి వలన అర్థమే మారింది. చూసేవాని కన్ను దుష్టమైన ఏనుగునొకదానిని, సాధువైన ఏనుగునొకదానిని చూడదు. ఒకే ఏనుగును రెండు సార్లు చూస్తుంది. వేధించేవాడు ఒక జాతి కాదనీ, అది ఒకడు ఒక సందర్భంలో ధరించిన పాత్ర అనీ ఇంతకంటె క్లుప్తంగా చెప్పడం కష్టం. పైగా నాలాగిరి తనంత తాను రాలేదు. దేవదత్తుడు మావటీలను పురికొల్పాడు; అట్ఠకథల ప్రకారం పదహారు కుండల కల్లు తాగించారు. హాని చేసిన ఏనుగును ఎవరో తయారు చేశారు.

ఇక ఆ గవాక్షాల ముఖాలు. అవి ఖాళీని నింపడానికి చెక్కిన అలంకారాలు కావు. చుల్లవగ్గ ప్రకారం ఆనాడు జనం మేడల మీదికి, ఇంటి కప్పుల మీదికి ఎక్కారు. శ్రద్ధ లేనివారు ఈ అందమైన శ్రమణుడు ఏనుగు చేత దెబ్బతినబోతున్నాడని అన్నారు. శ్రద్ధ గలవారు ఒక నాగం మరొక నాగంతో తలపడబోతున్నదని అన్నారు. రెండు పక్షాలకూ అది చూడదగిన దృశ్యమే! కిందికి దిగినవారి ప్రసక్తి మాత్రం లేదు. జాతకట్ఠకథలో ఆనందుడొక్కడే బుద్ధునికి ముందుగా వచ్చి ఏనుగుకు అడ్డంగా నిలుస్తాడు.

1996లో ఫిన్లాండ్‌కు చెందిన క్రిస్టీనా సాల్మివల్లి, ఆమె సహచరులు తరగతి గదిలోని వేధింపును పరిశీలించి ఇటువంటి పాత్రలనే విడదీశారు: వేధించేవాడు, వానికి చేయి కలిపేవాడు, నవ్వి ఉత్సాహపరిచేవాడు, పట్టించుకోనివాడు, బాధితుని పక్షాన నిలిచేవాడు, బాధితుడు. వేధింపు ఇద్దరి నడుమ జరిగే వ్యవహారం కాదని, ప్రేక్షకులున్న ప్రదర్శన అని వారి నిర్ణయం. టుర్కు విశ్వవిద్యాలయంలో రూపొందిన కివా కార్యక్రమం అందుకే చూసేవారిని మార్చడానికి ప్రధానంగా ప్రయత్నిస్తుంది. నవ్వు ఆగితే ప్రదర్శన ఆగుతుంది.

తెలుగులో దీనికి ఒక మాట ఎప్పటి నుండో ఉన్నది: ఏడిపించడం. సరదాకు ఏడిపించామని అంటారు. ఒకే వాక్యంలో ఒకరి సరదా, మరొకరి ఏడుపు. ఆ రెండింటి పొత్తును మాట దాచలేదు, అనేవారే గమనించరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చే నాటికి కళాశాలల్లో వినబడిన సమర్థన కూడా ఈ సరదాయే.

సూరత్‌లో తెలంగాణ నుండి వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా మగ్గాల పనిలో ఉన్నాయి. నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా మాధ్యమాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నడుపుతున్నది. ఇన్ని భాషల నగరంలో పలుకుబడి తేడా చాలు, ఒక పిల్లవాడు వేరుపడడానికి. పరుషభాషుల దేశమని ఒకనాడు పేరుపడిన తీరంలో నేడు వలస వచ్చినవారి పిల్లలు మాటలు పడడమూ, ఆ పిల్లలే మరుసటి ఏడు కొత్తగా వచ్చినవానిని మాటలనడమూ రెండూ సంభవమే. ఒకే ఏనుగు రెండు సార్లు అన్న అమరావతి చిత్రణ ఇక్కడ తిరగబడి కూడా చదువుకోవచ్చు.

ఆ పిల్లలకు చూపడానికి చెన్నై దాకా పోనక్కరలేదు. సూరత్ నుండి తపతీ లోయ వెంట సాగే రైలు జల్‌గావ్ చేరుస్తుంది; అక్కడి నుండి అజంతా 60 కిలోమీటర్లు. పదిహేడవ గుహ వసారాలో నాలాగిరి మళ్ళీ ఉన్నది, ఈసారి రంగులలో, రెండు సార్లు. వీధికి ఇరువైపులా దుకాణాలు, మేడల మీద జనం. అజంతా చిత్రకారుడు రాజగృహాన్ని సూరత్ వంటి బజారు నగరంగానే ఊహించాడు.