తీసేసిన చేతులే మళ్లీ పిలిచినప్పుడు...

ఆలూరు (చేవెళ్ల): బీజాపూర్ రోడ్డు మీద ఆలూరు గేటు దగ్గర బస్సు కోసం నిలబడే వారెవరూ 2019 దసరాను అంత తేలిగ్గా మరచిపోరు. పండుగ మూడు రోజులుందనగా ఆర్టీసీ బస్సులు ఆగిపోయాయి. పట్నం పోయే కూరగాయల మూటలు ఆటోల పాలయ్యాయి. బస్సులు లేక బడులకు దసరా సెలవులను అక్టోబరు 19 దాకా పొడిగించారు.

ఆర్టీసీని ప్రభుత్వంలో కలపాలని, మరికొన్ని కోర్కెలు తీర్చాలని కార్మికులు అక్టోబరు 5న సమ్మెకు దిగారు. ఆనాటి సాయంత్రం 6 గంటలలోగా డ్యూటీకి రాని వారు తమ ఉద్యోగాలు తామే వదులుకున్నట్లేనని అప్పటి ముఖ్యమంత్రి కె.చంద్రశేఖరరావు ప్రకటించారు. 'సెల్ఫ్ డిస్మిస్' అనే మాట పల్లెల్లో కూడా అందరి నోటా నానింది అప్పుడే. దాదాపు 48 వేల కుటుంబాలు ఒక్క రాత్రిలో దిక్కుతోచని స్థితిలో పడ్డాయి. అంతకుముందు పనిచేసిన సెప్టెంబరు నెల జీతం సైతం చేతికి రాలేదు.

కొత్త చేతులతో బండి నడవలేదు

రోజుకు డ్రైవరుకు 1,500 రూపాయలు, కండక్టరుకు 1,000 రూపాయలు ఇచ్చి తాత్కాలికంగా మనుషులను పెట్టి చూశారు. కానీ బస్సు నడపడమంటే స్టీరింగు తిప్పడం ఒక్కటే కాదు. ఏ మలుపు దగ్గర రోడ్డు కుంగింది, ఏ గేటు దగ్గర తెల్లవారుజామున మూటలతో జనం నిలబడతారు, ఏ ఊరి పిల్లలకు ఏ ట్రిప్పు అవసరం అన్నది ఏళ్ల తరబడి అదే రూట్లో తిరిగిన వారికే తెలుస్తుంది. ఆ తెలివి ఏ కాగితం మీదా రాసి ఉండదు.

నవంబరు 25న సంఘాలు సమ్మె విరమించాయి. మరునాడు డిపోల ముందుకు వచ్చిన కార్మికులను లోపలికి రానివ్వలేదు. చివరకు 28న మంత్రివర్గ సమావేశం తరువాత ముఖ్యమంత్రి మనసు మార్చుకున్నారు. 29 నుంచి అందరూ పనిలో చేరవచ్చునన్నారు. డిసెంబరు 1న కార్మికులను పిలిపించుకుని మాట్లాడి, సమ్మె కాలపు జీతం ఇస్తామని, ఉద్యోగ విరమణ వయసు 60కి పెంచుతామని చెప్పారు. దానితోపాటే రెండేళ్లు యూనియన్లు వద్దన్నారు. కిలోమీటరుకు 20 పైసల చొప్పున పెరిగిన ఛార్జీ మాత్రం ప్రయాణికుల నెత్తిన పడింది. తాత్కాలికంగా చేరినవారు దిగి ఇంటిదారి పట్టారు.

రెండేళ్లకు పైగా ఎదురుచూపు

ఆర్టీసీ వారి నిరీక్షణ రెండు నెలల లోపే ముగిసింది. ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంట్లకు అంత అదృష్టం పట్టలేదు. పని దినాలను బట్టి గ్రేడులు పెట్టిన సర్క్యులరును రద్దు చేయాలని 2020 మార్చిలో వారు సమ్మె చేశారు. రాష్ట్రంలో ఏడు వేల మందికి పైగా ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. మస్టర్లు, కొలతల పని పంచాయతీ కార్యదర్శుల మీద పడింది. 2022 మార్చిలో వారిని తిరిగి తీసుకుంటామని ముఖ్యమంత్రి శాసనసభలో చెప్పారు. ఆగస్టులో మళ్లీ పనిలో చేరారు. ఈ నడుమ గడిచింది కరోనా కాలం. పిలుపు వచ్చేదాకా ఆకలి ఆగదు కదా!

పిలిచారన్న సంతోషంలో ఒక సంగతి మరుగున పడుతుంది. పాత సర్వీసు లెక్కకు వస్తుందా? ఖాళీగా గడిచిన రోజులకు జీతం ఉందా? కొత్త షరతులు ఏమైనా పెడుతున్నారా? అసలు అడగవలసినవి ఇవే.

చట్టంలో ఏముంది?

పై రెండూ సమ్మె మూలంగా వచ్చిన తగాదాలు. ప్రభుత్వ నిర్ణయంతో తీరాయి. ప్రైవేటు కంపెనీలు పని లేదని మనుషులను తగ్గించడం వేరే సంగతి. మన ప్రాంతం నుంచి ఫ్యాక్టరీలకు పోయేవారు ఇది తెలుసుకోవాలి. తగ్గించిన చోట మళ్లీ మనుషులు కావలసివస్తే పాత కార్మికులకే ముందు అవకాశం ఇవ్వాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ అమలులోకి వచ్చింది. అందులోనూ ఈ హక్కు ఉంది. అయితే దానికి గడువు పెట్టారు. తొలగించిన ఏడాదిలోపు కొత్తవారిని తీసుకుంటేనే పాతవారికి ప్రాధాన్యం. ఏడాది దాటితే అడిగే హక్కు ఉండదు.

అందుచేత పని పోయిన రోజున కోపంతో కాగితాలు చించి పారేయరాదు. నియామక పత్రం, జీతం చీటీలు, తొలగింపు ఉత్తరం భద్రంగా దాచుకోవాలి. పి.ఎఫ్. సొమ్ము అంతా తీసేసేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి. పి.ఎఫ్. పింఛను రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి. పింఛను వాటా కూడా తీసేసుకుంటే అంతకుముందు చేసిన ఏళ్లు లెక్కలోంచి పోతాయి. కంపెనీ మారినా యు.ఎ.ఎన్. నంబరు ఒక్కటే గనుక దానిని ఇంట్లో వారికి కూడా చెప్పి ఉంచాలి.

ఆర్టీసీ కార్మికులు ఏ కోర్కెతో రోడ్డెక్కారో, ఆ విలీనం బిల్లును 2023 ఆగస్టులో శాసనసభ ఆమోదించింది. నాలుగేళ్ల క్రితం మీకు ఉద్యోగాలే లేవు పొమ్మన్నది కూడా ఆ ప్రభుత్వమే! పొమ్మన్న నోటితోనే రమ్మనవలసి వస్తుందని ముందే తలిస్తే, 48 వేల ఇళ్లలో ఆ దసరా పస్తులతో గడిచేది కాదు.