ఊకదంపుడు

సభ అన్న తరువాత ఉపన్యాసం వుండక తప్పదు. ఉపన్యాసం అన్న తరువాత కాస్త ఆడంబరం వుండటమూ సహజమే. కాని ఆ "కాస్త" ఎక్కడ ఆగాలో తెలియని వక్తలకు మన పెద్దలు పెట్టిన పేర్లు చూస్తే, వారు వెనుక వరుసలో కూర్చుని వూరికే కునికిపాట్లు పడలేదని తెలుస్తుంది.

"ఊకదంపుడు" అన్న మాటే తీసుకోండి. వడ్లు రోట్లో పోసి దంచితే బియ్యం వస్తాయి. బియ్యం తీసేసిన వూకను మళ్ళీ దంచితే? రోకటి చప్పుడు అంతే వుంటుంది, చెమటా అంతే పడుతుంది. చేటలోకి గింజ మాత్రం రాదు. దంపుళ్ళు ఎరిగిన ఆడవారి నోటనే యీ మాట పుట్టి వుంటుందని నా అనుమానం.

"సోది" ఎరుకలసాని చెప్పేది. అది క్రమంగా ఆపకుండా మాట్లాడేవారందరికీ అంటుకున్నది. "చర్విత చర్వణం" అంటే నమిలినదే నమలడం. ఇక "వాగాడంబరం" వున్నది. సంస్కృతంలో ఆడంబరమంటే ఒక రకం భేరి అని కూడా అర్థం. లోపల బోలుగా వుంటేనే గదా భేరి మోగేది!

1982లో వచ్చిన "నాలుగు స్తంభాలాట" సినిమాతో "సుత్తి" ఇంటింటి మాట అయింది. ఇక్కడ బెంగళూరులో మా ఆఫీసు కన్నడ మిత్రులు దీన్నే "కొరెత" అంటారు, అంటే తొలచడం. తమిళ మిత్రులు "అరువై" అంటారు, అంటే కోత. ఒకరికి సుత్తి, ఒకరికి బరమా, ఒకరికి కత్తి. భాషలు వేరైనా శ్రోతల బాధ ఒక్కటేనన్న మాట.

ఇదంతా ఇతరులను ఎగతాళి చేయడానికి వ్రాయలేదు. ఆ మధ్య ఉగాది సభలో వందన సమర్పణ నాకు అప్పగించారు. మూడు రాత్రులు నిఘంటువు ముందు పెట్టుకుని సమాసాలు కూర్చాను. మూరెడు పొడుగు సమాసం ఒక్కటీ తడబడకుండా చదివాను. చప్పట్లు కొట్టారు. పొంగిపోయాను.

తిరుగు బస్సులో మా అమ్మాయి అడిగింది: "నాన్నా, మనం ఇంట్లో మాట్లాడేది తెలుగు కాదా?"

"అదేమిటమ్మా, తెలుగే."

"మరి నువ్వక్కడ మాట్లాడింది?"

నాకు జవాబు తోచలేదు. పక్క సీట్లోనుంచి మా అమ్మ అందుకున్నది: "నాకూ తెలియలేదు లేమ్మా. ఎవరినో పొగుడుతున్నాడనుకున్నా."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన పిల్లలు బడిలో చదివేది కన్నడం, ఇంగ్లీషు. గడప దాటితే వారి చెవిన తెలుగు పడేది ఏడాదికి రెండు మూడు సభల్లోనే. అక్కడ విన్నది అర్థం కాకపోతే, అసలు తెలుగు అదేననీ, అమ్మమ్మ మాట ఏదో తక్కువ రకమనీ అనుకుంటారు. అలా అనుకున్న పిల్ల రేపు తన బిడ్డతో ఆ మాట ఎందుకు మాట్లాడుతుంది?

వాడుక మాటకు గౌరవం తెచ్చిన గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) చాలాకాలం పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా వున్నారు. ఆ వూరు 1936 నుంచి ఒడిశాలో వున్నది. అంటే అక్కడి తెలుగువారూ మనవంటివారే. వారి పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు సభలోనైనా, ఆయన ఎవరి మాట కోసం పోరాడారో వారికి అర్థమయ్యేట్టు మాట్లాడితే బాగుంటుంది.

నేనొక నియమం పెట్టుకున్నాను. ఇకమీద సభలో ఏది చెప్పాలన్నా ముందు మా అమ్మకూ, అమ్మాయికీ వినిపిస్తాను. వారికి అందని మాట కొట్టివేస్తాను. అయిదు నిమిషాలు దాటితే కూర్చుంటాను.

ఈ వ్యాసమూ వారికి చదివి వినిపించాను. నాలుగు వాక్యాలు ఎగిరిపోయాయి. మిగిలింది బియ్యమో వూకో, చదువరులే చేట పట్టి చెరిగి చూడాలి.